లైఫ్ జాకెట్టు ధరించుట అవిశ్వాసమా?

వేదాంత విద్యాభ్యాసము నిమిత్తము నేను స్కాట్లండులో నివసించిన దినములలో, ఒక వసంతకాలపు ఉదయమున నా సహాధ్యాయి నన్ను ఫోర్త్ సముద్రపాయలో తెరచాప పడవ షికారునకు తీసికొనిపోయెను. పడవ పొడవు 14 అడుగులు. సాయంకాలమునకు తిరిగి వచ్చుటయే మా యుద్దేశము. అయినను అతడు అరగంటసేపు సామగ్రిని సరిచూచుచునే యుండెను: లంగరు, దాని త్రాడు, రెండు తెడ్లు, నీరు తోడు బకెట్టు, ఈల, ఆపద తెలుపు ఎఱ్ఱమంటల గొట్టములు. ఎన్ని గంటలకు తిరిగి వత్తుమో భార్యకు కాగితముమీద వ్రాసియిచ్చి వచ్చెను. తుదకు ఒక లైఫ్ జాకెట్టు నా చేతికిచ్చి తొడుగుకొమ్మనెను.

"ఒక్క పూట ప్రయాణమునకు ఇంత భయమా? మన ప్రాణములు దేవుని చేతిలో లేవా?" అంటిని. ఆ మాటలో భక్తి కొంత, బిడియము కొంత, అతిశయము చాల ఉండెనని ఇప్పుడు ఒప్పుకొందును. పోనిమ్ము, ప్రక్కన పెట్టుకొని అవసరమైనపుడు ధరింతునని బేరమాడితిని. అతడు ఒప్పుకొనలేదు. ఆ కాలమున అక్కడి సముద్రజలము 10 డిగ్రీల ప్రాంతమున నుండును. అట్టి నీటిలో హఠాత్తుగా పడినవాడు మొదటి నిమిషముననే ఊపిరి స్వాధీనము తప్పి నీరు మ్రింగవచ్చును. 10 నిమిషములు గడచుసరికి వ్రేళ్లలో కట్లు బిగించు శక్తియైనను మిగులదు. పడవలో ఉన్న జాకెట్టు వేరు, ఒంటిమీద ఉన్న జాకెట్టు వేరు. మన గోదావరి లాంచీలలో ఉక్కకు తాళలేక దానిని విప్పి ఒడిలో పెట్టుకొనువారిని నేను చూచియున్నాను.

ఇంగ్లండు తీరమందలి విట్‌బీ పట్టణమున 1861 ఫిబ్రవరి 9న, తుపానులో చిక్కిన ఓడలవారిని కాపాడుటకు ఒకే దినమున పలుమారులు సముద్రములోనికి వెళ్లిన రక్షక పడవ తలక్రిందులాయెను. అందలి 13 మందిలో 12 మంది మరణించిరి. మిగిలిన హెన్రీ ఫ్రీమన్ అనువాడు అప్పటికి క్రొత్తగా వచ్చిన బెండు జాకెట్టు ధరించియుండెను. ఆ పన్నిద్దరికంటె అతని భక్తి గొప్పదని ఎవడు చెప్పగలడు?

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును విప్పుడు. ఓడలోని 276 మందిలో ఒక్క ప్రాణమును నశింపదని పౌలునకు దేవదూత ద్వారా వాగ్దానము కలిగెను. అయినను నావికులు చిన్న పడవలో తప్పించుకొనజూచినప్పుడు, వారు ఓడలో నిలువనియెడల ఎవరికిని రక్షణ లేదని శతాధిపతిని హెచ్చరించినవాడు ఆ పౌలే. వాగ్దానమును నమ్మినవాడు సాధనములను త్రోసివేయలేదు. అంతకుముందే నావికులు ఓడ విచ్చిపోకుండ దాని చుట్టు బిగించిన కట్లను లూకా "బొయేతెయా" అను గ్రీకు పదముతో పేర్కొనెను. దాని యర్థము "సహాయము". క్రొత్త నిబంధనలో ఆ పదము మరి యొక్క చోటనే గలదు: హెబ్రీ పత్రిక 4వ అధ్యాయమున, కృపాసనమునొద్ద దొరకు సమయోచిత సహాయమును గూర్చి చెప్పు వచనమున. మన తెలుగు పాఠము త్రాళ్లను పేర్కొనుటవలన భావము సుబోధమైనదే గాని, ఆ రెండు చోట్ల పదబంధుత్వము మరుగుపడినది. అనువాదకునికి ఇట్టి నష్టములు నిత్యకృత్యములు.

ఆనాడు నా స్నేహితుడు నాకు గ్రీకు చెప్పలేదు. "మనము మునిగినయెడల వెదుక వచ్చువారున్నారు, వారికిని భార్యాబిడ్డలున్నారు" అని మాత్రమనెను. ఆ దేశమున రక్షక పడవలను నడుపువారిలో అత్యధికులు జీతము గోరని వాలంటీర్లు. కార్న్‌వాల్ తీరమున 1981 డిసెంబరు 19న ఆపదలోనున్న ఓడవారికొరకు బయలుదేరిన పెన్లీ రక్షక పడవలోని 8 మందియు తిరిగి రాలేదు. నా ప్రాణము నాది, నా దేవునిది అని పలికినప్పుడు ఈ మూడవవాడు నా లెక్కలో లేడు.

జాకెట్టు తొడుగుకొంటిని.

మధ్యాహ్నమునకు గాలి హెచ్చెను. ఇంత సామగ్రి యుండగా ముందుకు సాగవచ్చునని నాకు తోచెను గాని, అతడు మారు మాటాడక తెరచాప కొంత దింపి పడవను వెనుకకు త్రిప్పెను. ఒడ్డు చేరగానే ముందు ఇంటికి ఫోను చేసి, చేరితిమని చెప్పి వచ్చెను. అతడు తిరిగి వచ్చువరకును నేను జాకెట్టు ముడులతో పెనగులాడుచునే యుంటిని; నీట పడకున్నను, నా వ్రేళ్లు చలికి మొద్దుబారియుండెను.