బిల్లు దగ్గర మూడేళ్ళు

ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మా అందరికీ ఒక మెయిల్ వస్తుంది. టైమ్‌షీట్ ఇంకా నింపలేదు, నింపండి అని. వారానికి నలభై గంటలు. ఏ గంట ఏ ప్రాజెక్టు కోడ్ మీద వెయ్యాలో చూసుకుని వెయ్యాలి. పదకొండేళ్ళుగా నింపుతున్నాను. ఇన్నేళ్ళలో సరిగ్గా నలభై గంటలు పనిచేసిన వారం ఒక్కటి కూడా ఉండి ఉండదు. ఒక వారం అరవై, ఒక వారం పాతిక. షీటులో మాత్రం ఎప్పుడూ నలభయ్యే. దీన్ని అబద్ధం అని నేనెప్పుడూ అనుకోలేదు. అందరూ అదే రాస్తారు, అదే రాస్తారని చదివేవాడికీ తెలుసు. అబద్ధం గురించి మొదటిసారి ఆగి ఆలోచించింది 2019 మార్చిలో, ఒక అమ్మాయికి ప్రొఫైల్ తయారుచెయ్యాల్సి వచ్చినప్పుడు.

మాది ఐటీ కన్సల్టింగ్ కంపెనీ. కన్సల్టెంట్ అంటే సలహా చెప్పేవాడని అర్థం. నన్నింతవరకూ ఎవరూ ఏ సలహా అడగలేదు. (తెలుగువాళ్ళ నోట్లో ఆ మాటకి ఎప్పుడో వేరే అర్థం వచ్చేసింది లెండి. అమీర్‌పేటలో 'కన్సల్టెన్సీ' అంటే ఏమిటో ఆటో నడిపేవాళ్ళకి కూడా తెలుసు.) మేం అమ్మేది మనుషుల గంటల్ని. కొనేవాడు ఎక్కడో అమెరికాలో ఉంటాడు. ఇన్నేళ్ళ అనుభవానికి గంటకి ఇన్ని డాలర్లు అని ఒక పట్టిక ఉంటుంది. అందులో మనిషిని 'రిసోర్స్' అంటారు. ఏ ప్రాజెక్టులోనూ లేని రిసోర్స్ బెంచి మీద ఉన్నట్టు. బెంచి మీద ఉన్నవాళ్ళ గంటల్ని ఎవరూ కొనరు కాబట్టి కంపెనీ కొన్ని నెలలు ఓపిక పట్టి, తర్వాత ఒక మీటింగ్ రూమ్‌లోకి పిలిచి మర్యాదగా మాట్లాడుతుంది.

ఆ అమ్మాయిది ఖమ్మం దగ్గర ఊరు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు, అందులో ఐదు నెలలు బెంచి మీదే. మా క్లయింట్ ఒక బీమా కంపెనీ. వాళ్ళకి మూడేళ్ళ అనుభవం ఉన్న జావా డెవలపర్ కావాలి, వారంలో కావాలి. మా మేనేజర్ నా డెస్కు దగ్గరికొచ్చి, "మనం ఒక ప్రొఫైల్ పంపాలి. ఉన్నది ఈ అమ్మాయే. కొంచెం ట్యూన్ చెయ్" అన్నాడు. ట్యూన్ చెయ్యడానికి నలభై నిమిషాలు పట్టింది. 2018లో డిగ్రీ అయిన మనిషికి 2015లో అయినట్టు రాశాను. మధ్యలో మూడేళ్ళు ఖాళీ కదా, వాటిలో ఏదో ఒకటి పెట్టాలి. నా పాత ప్రాజెక్టులు పెట్టాను. నాకు బాగా తెలిసినవి అవే మరి.

తర్వాత రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి ఆ అమ్మాయికి నా గతాన్ని నేర్పాను. ముఖ్యంగా ఒక కథ నేర్పాను, ఇంటర్వ్యూల్లో బాగా పనికొచ్చేది. 2016 నవంబర్‌లో అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పిన రాత్రి, అక్కడ ఒంటిగంటన్నర రెండుసార్లు వచ్చింది. ఆ టైముకి నడవాల్సిన మా ప్రోగ్రామ్ కూడా రెండుసార్లు నడిచింది. ప్రీమియం కట్టమని ఒక్కొక్కరికీ రెండేసి నోటీసులు తయారయ్యాయి. మనకది ఆదివారం మధ్యాహ్నం. మాదాపూర్‌లో ఒక పీజీలో భోజనానికి కూర్చోబోతుంటే ఫోనొచ్చింది. లేచిపోయి, అవి పోస్టులోకి వెళ్ళకుండా ఆపాను. ఆ రెండు సాయంత్రాలనీ టైమ్‌షీట్‌లో 'నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్' అని వేశాను. ఆ మాటైతే నిజమే.

ఇంటర్వ్యూ రాత్రి ఎనిమిదిన్నరకి. నేను కూడా కాల్‌లో ఉన్నాను, మ్యూట్‌లో. నా కథ ఆ అమ్మాయి నాకంటే బాగా చెప్పింది. వాళ్ళమ్మ కంచంలో అన్నం వడ్డించి, ఫోను పట్టుకుని లేచిపోయినందుకు తిట్టిందట. అది నేను నేర్పలేదు. అటువైపు పెద్దాయన నవ్వాడు. వాళ్ళకి నచ్చింది. సోమవారం నుంచే పని.

ఇందులో తప్పేముంది అని నాకు నేను చాలాసార్లు వాదించుకున్నాను. ఆ వాదన బలమైనదే. ఆ పనికి నిజానికి మూడేళ్ళ అనుభవం అక్కర్లేదు, ఆరు నెలలు చాలు. మూడేళ్ళని వాళ్ళు అడగడమే ఒక అతిశయోక్తి, ఇచ్చేవాడు తగ్గించి ఇస్తాడని తెలిసి అడిగింది. ఆ అమ్మాయి మూడు నెలల్లో పని పట్టేసింది, క్లయింట్‌కి నష్టమేమీ రాలేదు. పంపకపోతే ఇంకో రెండు వారాల్లో ఆ మీటింగ్ రూమ్‌లోకి వెళ్ళేది. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెప్పిన పద్యం స్కూల్లో మనలో చాలామంది వల్లించిందే. పెళ్ళిళ్ళలో, ప్రాణం మీదికొచ్చినప్పుడు, ఇలా కొన్ని చోట్ల బొంకినా పాపం లేదంటాడు. ఐదు నెలలు బెంచి మీద ఉండి, ఇంటి దగ్గర చదువు అప్పు ఉన్న మనిషికి ఉద్యోగం ప్రాణం కాకపోతే ఇంకేమిటి? పైగా ప్రొఫైల్ కూడా పెళ్ళిచూపుల బయోడేటా లాంటిదే కదా. (బలి ఆ సలహా వినలేదు. ఆ సంగతి అప్పుడు నాకు గుర్తుకు రాలేదు.)

ఇదే వాదనని 1968లో ఆల్బర్ట్ కార్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో పద్ధతిగా రాశాడు. వ్యాపారం పోకర్ ఆట లాంటిది, పేకాటలో ముఖం మార్చకుండా ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించడాన్ని ఎవరూ అబద్ధం అనరు, ఆట నియమాలు అందరికీ తెలుసు కాబట్టి అది మోసం కాదు. చదివినప్పుడు హాయిగా అనిపించింది. నా నలభై గంటల టైమ్‌షీట్‌కి ఇది సరిగ్గా సరిపోతుంది కూడా. ఈ అమ్మాయి విషయంలో మాత్రం ఎక్కడో పడలేదు. ఎక్కడో తెలియడానికి చాలా రోజులు పట్టింది.

పేకాటలో కూర్చున్నవాడు తన చేతిలో ముక్కలు తను చూసుకుంటాడు, తన డబ్బు తను ఒడ్డుతాడు. మా ఆటలో కూర్చున్నది మా కంపెనీ, వాళ్ళ కంపెనీ. ఆ అమ్మాయి ఆడటానికి కూర్చోలేదు. ఆ అమ్మాయి ముక్క. ఆటలో గెలిచిందేమిటో చూడండి. ఎనిమిది నెలల మనిషికీ మూడేళ్ళ మనిషికీ గంట రేటులో ఉన్న తేడా. అది ఎవరికి వచ్చింది? జీతం ఒక్క రూపాయి పెరగలేదు. ఏడాది చివర అప్రైజల్‌లో పెంచమని అడిగితే, "నీకింకా అనుభవం చాలదు" అన్నారు. ఒకే బిల్డింగులో, ఒకే మనిషికి, జీతం దగ్గర ఎనిమిది నెలలు, బిల్లు దగ్గర మూడేళ్ళు. కంపెనీకి నిజం తెలియక కాదు, ఏది ఎక్కడ వాడాలో బాగా తెలుసు.

ఇంకో సంగతి. ఈ అబద్ధం ఎవరు చెప్పారు? సేల్స్‌లో ఒకాయన 'మా దగ్గర మనుషులు సిద్ధంగా ఉన్నారు' అన్నాడు. అది అబద్ధం కాదు. రిసోర్సుల జాబితా చూసే ఆవిడ 'దగ్గరగా సరిపోతుంది' అని రాసింది. అదీ అబద్ధం కాదు. మేనేజర్ ట్యూన్ చెయ్యమన్నాడు. నేను టైపు చేశాను, ఒట్టి టైపింగే, కింద నా పేరు లేదు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లేని 5 వేల కోట్ల పైచిలుకు సొమ్ముని ఉన్నట్టు చూపించామని ఒప్పుకుంటూ ఉత్తరం రాసినప్పుడు నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను. హాస్టల్లో టీవీ ముందు నిలబడి మేమంతా ఎంత కోపంగా మాట్లాడామో గుర్తుంది. అంత పెద్ద అబద్ధానికీ ఒక ఉత్తరం ఉంది, కింద ఒక సంతకం ఉంది. మా చిన్న అబద్ధానికి అది కూడా లేదు.

మన భాషలో ఇంగ్లీషులో లేని సదుపాయం ఒకటుంది. వినేవాణ్ణి కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేము'. మేనేజర్ 'మనం ఒక ప్రొఫైల్ పంపాలి' అన్నాడు. నేనూ ఆ అమ్మాయితో 'మనం ఈ ప్రాజెక్టు చేశామని చెబుదాం' అన్నాను. డబ్బు దగ్గరికి వచ్చేసరికి అది 'మేము' అయింది. రాత్రి ఎనిమిదిన్నరకి కాల్‌లో ఆ అమ్మాయి ఒక్కతే 'నేను' అని మొదలుపెట్టాల్సి వచ్చింది. అందరం కలిసి చేసిన అబద్ధాన్ని నోరు తెరిచి అన్నది తను మాత్రమే.

అది ఆ ఒక్క రాత్రితో అయిపోతే గొడవే లేదు. కాల్ మొదట్లో అందరూ చేరేలోపు పిచ్చాపాటీ ఉంటుంది కదా, అదే ఎక్కువ కష్టంగా ఉండేదట. ఏ సంవత్సరం కాలేజీ అయిపోయింది, ఇంతకుముందు మేనేజర్ ఎలా ఉండేవాడు, ఇలాంటివి. అడిగిన ప్రతిసారీ మూడు కలిపి, మూడు తీసి చెప్పాలి. నాకు పింగ్ వచ్చేది, "అన్నా, ఆ నోటీసులు మొత్తం ఎన్ని?" అని. నేను నా జ్ఞాపకాల్లోంచి వెతికి ఇచ్చేవాణ్ణి. క్లయింట్ వైపు ఆ పెద్దాయన మంచివాడు. తన పని మెచ్చుకుంటూ పెద్దవాళ్ళకి మెయిల్ పెట్టాడు, లింక్డిన్‌లో రిక్వెస్ట్ కూడా పంపాడు. యాక్సెప్ట్ చెయ్యడానికి లేదు. తన పేజీలో డిగ్రీ 2018 అని ఉంది. అది మార్చితే కాలేజీ స్నేహితులు నవ్వుతారు, మార్చకపోతే ఆయన చూస్తాడు. అలా వదిలేసింది. కొన్నాళ్ళకి ఆయన మాటల్లో కొంచెం దూరం వచ్చిందని, తనేదో పొగరుబోతు అనుకున్నట్టున్నాడని అంది.

"ఎన్నాళ్ళన్నా ఇలా?" అని ఒకరోజు క్యాంటీన్‌లో అడిగింది.

"నిజంగా మూడేళ్ళు వచ్చేదాకా" అన్నాను.

"అప్పటికి వాళ్ళ లెక్కలో ఐదున్నరవుతుంది కదా" అంది.

నాకు ఆ లెక్క తట్టలేదు. టీ తాగి పైకొచ్చేశాం.

2021 చివర్లో అందరూ కంపెనీలు మారుతున్న రోజుల్లో తనకీ బయట ఆఫర్ వచ్చింది. అక్కడ నిజం సంవత్సరాలే రాసుకుంది, అయినా జీతం రెండింతలు. ఆఖరి రోజు లాప్‌టాప్ అప్పగించేసి నా డెస్కు దగ్గరికొచ్చింది. ఫోను తీసి చూపించింది. ఆయన రిక్వెస్ట్ రెండున్నరేళ్ళుగా అలాగే ఉంది.

"వెళ్ళిపోతున్నాను కదా అన్నా, ఇప్పుడు యాక్సెప్ట్ చెయ్యొచ్చా?" అంది.

అకౌంట్ ఇంకా నడుస్తోంది. ఆ వారమే తన స్థానంలో ఇంకో కుర్రాడి ప్రొఫైల్ పంపాం.

"వద్దులే అమ్మా" అన్నాను.