సీ బుక్కును క్రయపత్రమును

యిర్మీయా 32:6–15 చదువుకొనుడి.

ప్రియులారా, యిర్మీయా చెరలో నున్నాడు. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియున్నది. అట్టి దినములలో ఆయన హనమేలునొద్ద అనాతోతు పొలమును పదియేడు తులముల వెండికి కొనెను. పోయి చూచుకొనలేని పొలము! అయినను సాక్షులయెదుట పత్రము వ్రాయించి, మంటికుండలో దాచుమని బారూకునకు అప్పగించెను.

పత్రముయొక్క విలువ లోకమునకును తెలియును. అమెరికాలోని పాత షెవర్లే కారును పైదేశమువారు కొనినయెడల, ఓడ కెక్కించుటకు కనీసము 72 గంటల ముందుగా దాని అసలు హక్కుపత్రమునో ధ్రువీకరించిన నకలునో రేవులోని సుంకపు అధికారులకు చూపవలెను. కారు ఎంత మెరిసినను కాగితము లేక కదలదు.

మన పిట్టలవానిపాలెములో మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు చేతులు మారుచుండును. “మనవాడే గదా” అని బండి ఇచ్చి, సీ బుక్కులో పేరు మార్పించకుందుము. ఇది ప్రేమ కాదు, సోమరితనమే. ఆ బండి ఎవరినైన గాయపరచినయెడల, బుక్కులో పేరున్నవాడే నష్టపరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కొన్నవాడు మరణించెనా, బండి తమదని చూపుటకు అతని భార్యచేత ఏ పత్రమున్నది?

మేమును మా పాత స్కూటరును అట్లే ఇచ్చివేసి మూడేండ్లు ఊరకుంటిమి. ఈ వాక్యము సిద్ధపరచుచుండగా సిగ్గుపడి, కొన్న సహోదరుని పిలిపించితిమి. 29, 30 ఫారములపై సంతకములైనవి. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత మీ కాగితములు తెండి, కూర్చుండి నింపుదము.