మారుమనస్సు పొందిన చేతులు



కన్నీరు మన సంఘములకు క్రొత్త కాదు. 1904లో వేల్సు దేశమున, 1905లో ఖాసీ కొండలలో లేచిన ఉజ్జీవము 1906లో కెనడా బాప్తిస్టు మిషను తెలుగు సంఘములను తాకినప్పుడు, విశ్వాసులు సభలోనే ఏడ్చి తమ పాపములను ఒప్పుకొనిరి. అది దేవుని కార్యమే. అయితే ఏడ్చినవాడెల్ల మారుమనస్సు పొందినవాడేనా?

ఊరు పేరు వ్రాయను. పదునైదేండ్ల క్రిందట నర్సీపట్నం ప్రాంతమున ఒక ఉపవాస కూటములో ఒక రైతు మోకరించి వెక్కివెక్కి ఏడ్చెను. నేనును అతనితోకూడ ఏడ్చితిని. అతడు తన తమ్ముని చెరకు చేనిలోనికి గట్టును రెండు మూరలు జరిపిన సంగతి ఊరందరికి తెలియును, నాకును తెలియును. కాని నేనడుగలేదు. మంచి కానుక ఇచ్చు మనిషి నొచ్చుకొనునని వెరచితిని. ఏడ్పు ముగిసెను; గట్టు కదలలేదు.

లేవీయకాండము 6వ అధ్యాయము చదువుడి. పొరుగువాని సొత్తు అపహరించినవాడు, బలి తెచ్చు దినముననే, ఆ సొత్తుకు అయిదవ వంతు కలిపి సొంతదారునికి ఇయ్యవలెను. లూకా 19వ అధ్యాయములో జక్కయ్య నాలుగంతలు ఇచ్చుటకు సిద్ధపడెను.

“అయ్యగారూ, అట్లయితే రక్షణను సొమ్మిచ్చి కొనవచ్చునా?” అని కొందరడుగుదురు. కొనలేము. జక్కయ్య ఒక్క కాసైనను తిరిగి ఇయ్యకమునుపే ప్రభువు అతనిని పేరుపెట్టి పిలిచి, అతని ఇంట బసచేయుదునని చెప్పెను. కృప ముందు వచ్చెను, చెల్లింపు దాని వెనుక వచ్చెను. జీడిమామిడి చెట్టు బ్రదికియున్నదని పిందెలు తెలుపును గాని, ఎండిన చెట్టుకు పిందెలు కట్టి దానిని బ్రదికింపలేము.

నష్టపోయినవాడు చనిపోయినచో ఏమి చేయవలెను? సంఖ్యాకాండము 5వ అధ్యాయము అతని బంధువునకు ఇయ్యుమనుచున్నది. బంధువు లేనిచో యెహోవాకు ఇయ్యవలెను. చావు వచ్చినను అప్పు తీరదు.

ఆ అన్నదమ్ములిద్దరును ఇప్పుడు లేరు. వారి కుమారులు ఒకరినొకరు పలుకరించుకొనరు. గత మాసమున నేను వారి యిండ్లకు వెళ్లి, మొదట నా పిరికితనమును ఒప్పుకొని క్షమాపణ వేడుకొంటిని. చాలసేపటికి వారు పొలము కొలిపించుటకు సమ్మతించిరి. గట్టు ఇంకను జరుగలేదు. వారి కొరకును, నా కొరకును ప్రార్థించుడి.

ప్రభువు బల్లయొద్దకు చేతులు చాచకమునుపు, ఆ చేతులలో ఎవరి సొమ్మున్నదో మనలో ప్రతివాడును చూచుకొనును గాక. ఆమేన్.