దోషం ఏ భాగానిది?

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు చేనుకు పోవాలన్నా, సిద్దుల గుట్ట మీది నవనాథ సిద్ధేశ్వరుడి గుడికి పోవాలన్నా ఇంటింటికీ ఆధారం మోటారు సైకిలే. దసరా నాడు దాన్ని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, దండ వేసి దండం పెడతాం. అదే బండికి ముందు డూమ్ పగిలినప్పుడు, షోరూం ధర భరించలేక బజారులో లోకల్ డూమ్ కొని తెస్తాం. పైన రెండు స్క్రూలు పడి కింద మూడోది పడకపోతే భక్తి పోయి కోపం వస్తుంది. ప్లాస్టిక్కును తిడతాం, అమ్మినవాణ్ణి తిడతాం, ఎండలో కూర్చుని బిగిస్తున్న మెకానిక్కునూ వదలం. ఈ కోపానికి ఆధారం ఒక నమ్మకం: సరిపోకపోవడం అనే దోషం ఏదో ఒక వస్తువులో ఉంటుందని. ఆ నమ్మకం నిలవదని నా వాదన.

దీన్ని పరీక్షించడానికి కావలసిన పనిముట్లు మన తర్కంలోనే ఉన్నాయి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం న్యాయ వైశేషికాలు మొదలుపెట్టేవాళ్లకు నేటికీ మొదటి పుస్తకం. అందులో లెక్కపెట్టిన 24 గుణాల్లో రంగు, రుచి, వాసనల సరసన సంయోగం కూడా ఉంది. రంగు ఏ వస్తువుది ఆ వస్తువులోనే ఉంటుంది. సంయోగం అలా కాదు, అది ఒకేసారి రెండింటిని ఆశ్రయించి ఉంటుందని నైయాయికుల మాట. డూమ్ నలుపు డూమ్‌దే. కానీ డూమ్ బండికి అమరడం డూమ్‌దీ బండిదీ కూడా. రెండింటికీ చెందిన గుణం లోపించినప్పుడు, ఆ లోపాన్ని ఒక్కదాని నెత్తిన వేయడం ఎలా కుదురుతుంది?

వర్క్‌షాపులో కనిపించేదీ ఇదే. ఇలాంటి పార్టులు చేసే ఏబీఎస్ ప్లాస్టిక్ మౌల్డులో చల్లారుతూ సుమారు అర శాతం కుదించుకుంటుంది. పచ్చి పసుపు ఉడికి ఎండేసరికి దాదాపు అయిదో వంతు తూకానికి దిగుతుందని రైతు ముందే లెక్క కట్టుకున్నట్టు, కంపెనీవాళ్లు ఆ కుదింపును లెక్కలో పెట్టుకుని మౌల్డును కాస్త పెద్దదిగా చేయిస్తారు. తయారైన పార్టునే నమూనాగా పెట్టుకుని నకలు మౌల్డు చేసేవాడు ఆ లెక్క మరిచిపోతే, ఒకసారి తగ్గిన కొలత రెండోసారి తగ్గుతుంది. 60 సెంటీమీటర్ల ప్యానెల్‌లో ఆ తేడా 3 మిల్లీమీటర్లు. రంధ్రం పక్కకు పోవడానికి అది చాలు. అయితే తప్పంతా నకలుదేనా? డూమ్ పగిలిందంటేనే బండి ఎక్కడో దెబ్బ తిన్నదని అర్థం. ఆ దెబ్బకు లోపలి బ్రాకెట్ వంగి ఉంటే, షోరూం నుంచి సీలు విప్పి తెచ్చిన పార్టు కూడా కూర్చోదు. అనుభవమున్న మెకానిక్ ముందు ఒక స్క్రూను పూర్తిగా బిగించడు. అన్నింటినీ రెండేసి చుట్లు మాత్రమే తిప్పి, ప్యానెల్‌ను అటూ ఇటూ కదిలించి, అప్పుడు ఒక్కొక్కటీ బిగిస్తాడు. అమరిక ఏ ఒక్క రంధ్రంలోనూ లేదని ఆయన చేతులకు తెలుసు.

కొత్త బండి మీద ఒరిజినల్ పార్టు చేయి వేయగానే కూర్చుంటుంది కదా, అంటే అమరడం మంచి పార్టు సొంత గుణమేగా అని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగాలన్నీ కలగలిపి, మళ్లీ మూడు కార్లుగా బిగించి 500 మైళ్లు నడిపారు. ఆ పరీక్షలో నెగ్గినందుకు కంపెనీకి డ్యూవార్ ట్రోఫీ దక్కింది. ఏ భాగమైనా ఏ కారుకైనా అమరడం అప్పటికి బహుమతి ఇవ్వాల్సినంత అరుదు. ఆ అమరిక భాగాల్లో పుట్టుకతో వచ్చింది కాదు. మొత్తం కారును మనసులో పెట్టుకుని ప్రతి ముక్కనూ ఒకే కొలబద్దకు లోబరిచిన మనుషుల శ్రమ అది. ఒరిజినల్ పార్టులో మనకు సహజంగా కనిపించేది, మన కంటికి కనబడని ఆ శ్రమే.

బౌద్ధుడి ఆక్షేపణ ఇంకా లోతైనది. చక్రమూ ఇరుసూ తీసేస్తే రథం ఎక్కడుందని మిళింద రాజును నిలదీసిన నాగసేనుడి దృష్టిలో రథం ఒక పేరు మాత్రమే. మొత్తం అనేదే లేనప్పుడు దానికి అమరడమేమిటి? కానీ మొత్తమంటే భాగాల కుప్పకు పెట్టిన పేరే అయితే, అన్ని భాగాలూ నేల మీద ఉన్నా బండి ఎందుకు పూర్తి కాదు? ఫలానా అమరికలో ఉన్న భాగాలకే ఆ పేరు అని ఆయన జవాబివ్వవచ్చు. అప్పుడు ఆయనా అమరిక దగ్గరికే వచ్చినట్టు. నైయాయికుణ్ణి కూడా నేను చివరిదాకా అనుసరించలేను. ఒక భాగం మారితే పాత అవయవి, అంటే భాగాలతో ఏర్పడిన మొత్తం, నశించి కొత్తది పుడుతుందంటాడు ఆయన. డూమ్ మార్చినా ఆర్సీలో ఛాసిస్ నంబరు మారదు, బండికి మళ్లీ పూజా చేయించం. ఈ ఒక్క విషయంలో లోకవ్యవహారమే నాకు సబబుగా తోస్తుంది.

దోషం ఏ ఒక్కదానిదీ కాదంటే మోసగాడు తప్పించుకుంటాడనే భయం న్యాయమైనదే. కానీ అతడి తప్పు వేరు. ‘ఏ మార్పూ లేకుండా సరిగ్గా పడుతుంది’ అని చెప్పి అమ్మితే, ఆ అసత్యం అతడి మాటలోనే ఉంది, ఇద్దరి మధ్య లేదు. పార్టును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడం అతడి ధర్మం. మెకానిక్ సంగతి అది కాదు. మూడు స్క్రూలకు ఇంత కూలీయా అని అతడితో బేరమాడతాం. అతడు ఆకురాయితో రంధ్రాన్ని సాగదీశాడు, వంగిన బ్రాకెట్‌ను నిలబెట్టాడు, సందులో వాషర్ పెట్టాడు. అంగట్లో మనం కొన్నది డూమ్ ఒక్కటే. కంపెనీ ధరలో కలిసి ఉండే అమరికను ఇక్కడ చేతులతో పుట్టించింది అతడు. లోకల్ పార్టు కొన్నందుకు జేబులో మిగిలిన డబ్బులో కొంత న్యాయంగా అతడిదే.