కావాలని చేయలేదు అంటే సరిపోతుందా?



ఈసారి పంచశీల గురించి రాయమన్నారు. నాకు మాత్రం రోడ్డు మీద జరిగిన ఒక సంగతి రెండు నెలలుగా మనసులోంచి పోవడం లేదు. ముందు అది చెప్పేస్తాను.

మిరప కోతల రోజులు. నరసరావుపేట వైపు నుంచి కారులో ఇంటికి వస్తున్నాను. మా తాత పాలేరు. మా నాన్న ఒక పాత సైకిల్ కొనుక్కునేసరికి నడివయసు దాటింది. మా వంశంలో కారు నాతోనే మొదలు. పొద్దు వాలిపోయింది. కోతకు వెళ్లిన ఆడవాళ్లు రోడ్డు అంచున వరసగా నడిచి వస్తున్నారు. ఎవరో మహానుభావుడు సగం రోడ్డు మీద కాయలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చాడు. (అదీ ఒక ఆక్రమణే, దాని సంగతి ఇంకోసారి.) మిగిలిన సగం రోడ్డులోనే వాళ్లూ, నేనూ. హారన్ కొట్టాను. వేగం తగ్గించలేదు. తప్పుకుంటారులే అన్న ధీమా. ఒకావిడ కంగారుగా పక్కకు జరగబోయి, మట్టి అంచున కాలు జారి కాలవలో పడింది. కారు తగల్లేదు. మోకాలు చీరుకుపోయింది. సద్దిగిన్నె ఎటో దొర్లిపోయింది.

ఆపి, దిగి వెళ్లాను. “కనపడలేదమ్మా” అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆమె మోకాలు పట్టుకునే నా వైపు చూసి, “కనపడకపోతే హారన్ ఎందుకు కొట్టావు నాయనా?” అంది.

ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాను, ఇంటి దగ్గర దింపాను. కానీ ఆ ప్రశ్నకు మాత్రం జవాబు ఇవ్వలేకపోయాను. నిజమే కదా. కనపడింది కాబట్టే కొట్టాను. తప్పుకోవాల్సిన బాధ్యత ఆమెది, వెళ్లిపోయే హక్కు నాది అని చెప్పడానికే కొట్టాను.

మనలో చాలామంది, నాతో సహా, ఇలాంటప్పుడు ఒక మాట అంటాం: “కావాలని చేయలేదు.” దీనికి ధమ్మంలో ఆధారం కూడా చూపిస్తాం. కర్మ అంటే చేతన అని బుద్ధుడు చెప్పాడు కదా, ఉద్దేశం లేనిచోట దోషం ఎక్కడిది అని. ధమ్మపదం మొదటి గాథకు అట్ఠకథలో చెప్పిన చక్ఖుపాల థేరుడి కథ మీరు వినే ఉంటారు. ఆయన అంధుడు. రాత్రి వాన పడి పురుగులు బయటికొచ్చాయి. తెల్లవారుజామున ఆయన చంక్రమణం చేస్తుంటే కాళ్ల కింద పడి చచ్చాయి. మిగతా భిక్షువులు వెళ్లి ఫిర్యాదు చేశారు. ఆయన చంపుతుంటే మీరు చూశారా అని బుద్ధుడు అడిగాడు. లేదన్నారు. మీరు ఆయన్ను చూడనట్టే ఆయనా పురుగుల్ని చూడలేదు, చంపాలన్న చేతన ఆయనకు లేదు అన్నాడు బుద్ధుడు.

ఈ కథ మనల్ని కాపాడుతుందా? కాపాడదని నా అభిప్రాయం. చక్ఖుపాలుడికి కళ్లు లేవు. మనకు ఉన్నాయి. 60 కిలోమీటర్ల వేగంతో పోతూ మూడు సెకన్లు ఫోన్ చూశామంటే బండి 50 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. ఆ 50 మీటర్లలో ఎవరైనా అడ్డం వస్తే “చూడలేదు” అనేది నిజమే. కానీ చూడకుండా ఉండాలని ఎంచుకున్నది ఎవరు? గుద్దిన క్షణంలో చేతన వెతికితే దొరకదు. ఫోన్ చేతిలోకి తీసుకున్న క్షణంలో వెతకాలి. తాగి తాళం చెవి తిప్పిన క్షణంలో వెతకాలి. నా విషయంలో అయితే, బ్రేక్ మీదకు పోవాల్సిన కాలు పోకుండా హారన్ మీదకు చెయ్యి పోయిన క్షణంలో.

చట్టం కూడా ఈ తేడా గుర్తించింది. భారతీయ న్యాయ సంహితలో హత్య వేరు, నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం వేరు. రెండోది 106వ సెక్షన్, 5 ఏళ్ల దాకా జైలు. హత్య కాదంది గానీ నేరం కాదనలేదు.

మన తెలుగులోనే ఇంకో ఆధారం ఉంది. రోడ్డు మీద బండ్లు గుద్దుకుంటే మనం ఏమంటాం? ప్రమాదం అంటాం. ఏదో విధి రాత, ఎవరి చేతిలోనూ లేనిది అన్నట్టు. కానీ ఆ మాటకు అసలు అర్థం ఏమరుపాటు. పాళీలో అదే పమాద. వందనలో ఐదో శీలం చెప్పేటప్పుడు మద్యాన్ని వద్దనేది ఎందుకంటే అది పమాదానికి తావు గనక. మద్యం దాకా విని అక్కడితో ఆగిపోతాం, పక్కనున్న పమాదాన్ని వదిలేస్తాం. తాగకుండా ఏమరుపాటుగా నడిపేవాడు ఆ శీలంలో సగమే పాటిస్తున్నాడు. బుద్ధుడు మహాపరినిబ్బానానికి ముందు భిక్షువులకు చివరగా చెప్పింది కూడా అప్పమాదం గురించే.

ఇక హారన్ సంగతి. లారీ వస్తే కారు తప్పుకోవాలి. కారు వస్తే ఆటో, ఆటో వస్తే బైకు, బైకు వస్తే సైకిల్, అందరికీ నడిచేవాళ్లు తప్పుకోవాలి. ఎక్కడో చూసినట్టు లేదూ? బాబాసాహెబ్ చెప్పిన శ్రేణీకృత అసమానత ఇదే. పైవాడికి భయపడతాం, కిందివాణ్ణి భయపెడతాం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. దారి మీద నడవనివ్వలేదని పోరాడిన వాళ్ల మనవణ్ణి నేను. స్టీరింగ్ చేతికి రాగానే మా అమ్మలాంటి మనిషిని దారి మీద నుంచి కాలవలోకి తోశాను.

గౌరవం గురించి కూడా ఒక మాట. బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో 1929 నాటి చాళీస్‌గావ్ సంగతి రాశారు. స్టేషన్ నుంచి మహర్‌వాడ నడిచిపోయేంత దూరమే. కానీ ఆయన్ను నడిపించడం అవమానమని మనవాళ్లు టాంగా మాట్లాడారు. అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. బండి అద్దెకిస్తాం, తోలేవాణ్ణి మీరే చూసుకోండి అన్నారు. మనవాళ్లలో తోలడం తెలిసినవాడు లేడు. అందులో ఏముందిలే అని ఒకతను పగ్గాలు పట్టాడు. కొద్ది దూరంలోనే మోటారు కారుకు గుద్దుకోబోయి తప్పింది. తర్వాత గోడల్లేని కల్వర్టు మీద చక్రం రాయికి తగిలి, బాబాసాహెబ్ ఎగిరి బండరాళ్ల మీద పడ్డారు. కాలు విరిగింది. గుర్రం, బండి ఏట్లోకి పోయాయి. తప్పంతా అంటరానితనానిదే. అయినా ఆయన మనవాళ్ల గురించి కూడా నిజం రాశారు: మర్యాద కంటే ప్రయాణికుడి భద్రత ముఖ్యమన్నది వాళ్లు మరిచిపోయారని.

ఏప్రిల్ 14 ర్యాలీలో నీలి జెండా పట్టుకుని, ఒక్కో బండి మీద ముగ్గురు, తలకు హెల్మెట్ లేకుండా పోయే మన పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు చాళీస్‌గావ్ గుర్తొస్తుంది. ఆ ఉత్సాహం వెనక ఎన్ని తరాల అణచివేత ఉందో నాకు తెలుసు. అందుకే కసరడానికి నోరు రాదు. అయినా చెప్పాలి.

ఇదంతా పోయిన ఆదివారం వందన తర్వాత చెప్పాను. ఆటో తోలే ఒక తమ్ముడు లేచాడు. “అన్నా, నీకు కారుంది కాబట్టి శీలం చెప్తున్నావు. రైతు ఒక్క ట్రిప్పుకే కిరాయి ఇస్తాడు. పన్నెండు మందిని ఎక్కిస్తేనే నాకు గిట్టేది. నలుగురిని ఎక్కిస్తే మిగతావాళ్లకు ఆ రోజు కూలి పోతుంది. నా శీలమా, వాళ్ల కూడా?” అన్నాడు.

అతను అడిగింది న్యాయం. పన్నెండు మందిని కుక్కినవాడి పమాదం ఎంత ఉందో, కుక్కక తప్పని కిరాయి ఇచ్చినవాడిది అంతకంటే ఎక్కువ ఉంది. మనిషి ఒంటరిగా ఉంటే ధమ్మంతో పని లేదని, ఇద్దరున్న చోట అది తప్పదని బాబాసాహెబ్ అన్నది ఇలాంటి చోటే అర్థమవుతుంది. ఒక్కడి నిగ్రహంతో తెగే విషయం కాదిది. అక్కడే కూర్చుని మాట్లాడుకున్నాం. కూలికి వెళ్లే ఆడవాళ్లే రెండో ట్రిప్పు కిరాయి అడగాలని అనుకున్నారు. కాలవలో పడినావిడ కూడా వాళ్లలో ఉంది, ఇంకా కొంచెం కుంటుతోంది.

నిన్న అడిగారట. ఒక రైతు ఒప్పుకున్నాడు. ఇంకొకాయన, చాలకపోతే నడిచి రమ్మన్నాడట. వాళ్లు నడవాల్సింది నేను పైన చెప్పిన ఆ రోడ్డు మీదే.