మఱుగుపఱచుట: నేర్పా, నేరమా?

అందమునకై యొక వస్తువును మఱుగుపఱచుట లోకమందంతటను గలదు. గోడకు సున్నము పూయువాడు ఇటుకలను దాచుచున్నాడు. బట్టలు కుట్టువాడు అంచును లోపలికి మడచుచున్నాడు. వీరిని వంచకులని యెవ్వరందురు? అయినను దాచుట కొక హద్దు గలదనియు, ఆ హద్దు దాటినచో నేర్పే నేరమగుననియు మా యింటి మోటారుసైకిలు నాకు బోధించినది.

మా తండ్రిగారి పాత బుల్లెట్టు బండి యొకటి మా యింట నుండెను. ఈ జాతి బండ్లు 1955 మొదలు మద్రాసునందు తయారగుచు వచ్చినవి. మా తమ్ముడు దానిని విప్పి క్రొత్తరూపున నిర్మించెను. ఇంజనులో నిప్పురవ్వ పుట్టుటకు బ్యాటరీయొక్క 12 వోల్టులు చాలవు. కాయిల్ వానిని వేలకొలది వోల్టులుగా హెచ్చించి ప్లగ్గునకు పంపవలెను. ఆ కాయిలును, దాని తీగెలును చూపునకు చిందరవందరగా నుండునని అతడు వానినన్నిటిని ఒక ఇనుపడబ్బీలో నమర్చి, పెట్రోలు ట్యాంకు క్రింద, ఇంజనుకు మీదుగా బిగించెను. చూచినవారెల్ల మెచ్చిరి. నేనును మెచ్చితిని.

ఒక వేసవిరాత్రి, ఊర దొరకని మందును మా తల్లికై తెచ్చుటకు దేవరకొండనుండి నల్లగొండకు పోయి మరలివచ్చుచుండగా, కొండమల్లేపల్లి సమీపమున బండి ఆగిపోయెను. నిద్రనుండి లేచివచ్చిన మెకానిక్కు ప్లగ్గు విప్పి, రవ్వ లేదని క్షణములో కనుగొనెను. కాని కాయిల్ ఎచ్చట నున్నదో అరగంట వెదకియు కానలేకపోయెను. తుదకు, "సారూ, కంటికి కానరాకుంటె మానె, చేతికన్న అందాలె గద" అనెను. ఇంతలో డబ్బీ చల్లారి, బండి మరల కదలెను. గాలి సోకక వేడెక్కిన కాయిల్ రవ్వ నీయకపోవుటయే కారణమని పిదప తెలిసినది. నేను ఇల్లు చేరుసరికి మా తల్లి ఊపిరికై తల్లడిల్లుచు గడపవైపే చూచుచుండెను.

కావ్యమున గూఢార్థమే సొగసు కదా యని కొందఱనవచ్చును. నిజమే. తొమ్మిదవ శతాబ్దమునాటి ఆనందవర్ధనుడు ధ్వనినే కావ్యాత్మ యనెను. కాని యా ధ్వని సహృదయునకు అందును. ఎవ్వరికిని అందని యర్థము ధ్వని కాదు, శూన్యము. నల్లగొండ చెంత పానగల్లు ఛాయాసోమేశ్వరాలయమున, గర్భగుడిలో దినమంతయు నొక స్తంభచ్ఛాయ కదలక నిలుచును. అది ఏ స్తంభముయొక్క నీడయో యని చూపరులు విస్తుపోదురు. అయినను ఆ నీడకు మూలమైన స్తంభములు మండపమున అందఱి యెదుటనే నిలిచియున్నవి. పరిశీలించువానికి శిల్పి దారి మూయలేదు.

కావున "దాచితివా?" యనునది ప్రశ్న కాదు, "ఎవరినుండి దాచితివి?" యనునదియే ప్రశ్న. చూపునుండి దాచుట అలంకారము. బాగుచేయవలసిన చేతినుండి దాచుట అపకారము. ఇంటి యప్పులను, పత్రములను ఇల్లాలి కెఱిగింపక దాచు గృహస్థుడును ఇట్టి నిర్మాతయే. సంసారము సొగసుగానే నడచుచున్నట్లు కనబడును. అతడు లేనినాడు ఆమె చీకటిలో తడవుకొనవలసివచ్చును.

మా తమ్ముడు ఆ డబ్బీని సీటు క్రిందికి మార్చి, గాలికి రంధ్రములు పెట్టి, చేతితో త్రిప్పి తీయదగిన మూత యమర్చెను. ఏ రంగు తీగె యెచటికి పోవునో పటము గీసి మూత లోపల నంటించెను. బండి యందము రవ్వంతయు తగ్గలేదు.