ఒప్పుకొనిన కూలి అంతయు న్యాయమైన కూలియేనా?



"ఇష్టమున్నవాడు వచ్చును, లేనివాడు మానును, ఇందులో బలవంతమేమున్నది?" అని కూలి కుదుర్చువారు అనుట మీరు వినియుందురు. ఇరుపక్షములవారు ఒప్పుకొనినంత మాత్రమున ఆ కూలి న్యాయమైనదగునా? ఈ ప్రశ్నను నెమ్మదిగా ఆలోచించుడి.

సంతలో కుండల బేరము చూడుడి. ధర కుదరనియెడల అమ్మువాడు కుండను ఇంటికి తీసికొనిపోయి, వచ్చే సంతకు మరల తెచ్చును. పని అమ్ముకొనువాడు అట్లు చేయలేడు. నేటి పనిని రేపటికి దాచుకొనుట ఎవనితరము? ఇంటిలో పిల్లలు గంజికి కనిపెట్టుకొనియుండగా అతడు ఎంతసేపు బేరమాడగలడు? కాబట్టి బేరములో గెలుపు మాటనేర్పునుబట్టి కాదు, వేచియుండు శక్తినిబట్టియే కలుగుచున్నది.

ఆర్థికశాస్త్రమునకు పునాది వేసిన ఆడం స్మిత్ 1776లో ప్రచురించిన గ్రంథమందు ఈ సంగతినే వివరించెను. పనివారు లేకున్నను యజమానుడు కూడబెట్టినదానితో ఒకటి రెండేండ్లు గడుపుకొనగలడు. పని లేనియెడల కూలివారిలో అనేకులు ఒక వారమైనను గడుపలేరు. యజమానులు కొద్దిమందియే గనుక సులభముగా ఏకమగుదురనియు ఆయన గుర్తించెను.

అట్లయిన పనివానికి ఆ శక్తి ఎట్లు వచ్చును? ఒక్కడు మానినయెడల వాని చోటికి మరియొకడు వచ్చును. అందరు కలిసి అడిగినయెడల యజమానుడు ఆలోచింపవలసివచ్చును. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో చేరియున్న కాలమున, 1918 ఏప్రిల్ 27న, మద్రాసు నగరమందలి పెరంబూరులో మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడెను. దాని అధ్యక్షుడు బి.పి. వాడియా. బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లుల పనివారు అందులో చేరిరి. మధ్యాహ్న భోజనమునకు చాలినంత విరామము కావలెననునది వారి తొలి కోరికలలో ఒకటి. ఇంత చిన్న కోరికకును అందరు కూడవలసివచ్చెను! కొలదికాలమునకే యజమానులు వాడియా మీద హైకోర్టులో వ్యాజ్యెము వేసిరి. రిజిస్టరైన కార్మిక సంఘములకు ఇట్టి వ్యాజ్యెములనుండి కాపుదలను 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము కలుగజేసెను.

అయితే 1921లో ఆ మిల్లులలో జరిగిన సమ్మె మరియొక పాఠము నేర్పుచున్నది. పనివారు కులమునుబట్టి చీలిపోయిరి. ఆది ద్రావిడులలో అనేకులు సమ్మెను విడిచి పనిలోనికి పోయిరి. పులియంతోపులో గుడిసెలు కాలెను, ప్రాణములు పోయెను, సమ్మె ఓడిపోయెను. పనిలోనికి పోయినవారిని ద్రోహులనుట సులభమే. కాని అందరికంటె బీదవాడు అందరికంటె తక్కువకాలము వేచియుండగలడు గదా. ఏడాది పొడుగున పక్కన కూర్చుండనియ్యనివానిని సమ్మెనాడు మాత్రము సోదరుడా అని పిలిచినయెడల వాడెట్లు నమ్మును?

కాబట్టి పని చేయించుకొనువారలారా, "అతడు ఒప్పుకొనెనా?" అని మాత్రమే అడుగక, "అతడు కాదనగలిగియుండెనా?" అని మీ మనస్సాక్షిని అడుగుడి. పని చేయువారలారా, కలిసి అడుగుట తప్పు కాదు. అయితే మగవారి కూలికొరకు నిలుచునప్పుడు నాట్లు వేయు స్త్రీల కూలిని మరువకుడి. పని ఆగిన దినములలో మొదట ఎవరి పొయ్యి ఆరిపోవునో ఆ యింటికి ముందుగా గింజలు చేర్చుడి. ఆ యిల్లు నిలిచినంతవరకే మీ ఐకమత్యము నిలుచును.